43/8: మన నాపరాళ్ళ బండి వెనక ఇరుసు చెప్పిన చరిత్ర

రాయలసీమ చరిత్ర అనగానే విజయనగర రాజులు, 1800లో నిజాం ఇంగ్లీషు కంపెనీకి ధారాదత్తం చేసిన జిల్లాలు, మన్రో దొర, 1876–78 నాటి కరువు గుర్తుకొస్తాయి. సినిమా వాళ్ళనడిగితే గాలిలోకి లేచే సుమోలు చెబుతారు. ఈ రెంటికీ మధ్య ఇంకో చరిత్ర ఉంది. రోడ్డు లేని చోటికి బరువు మోసిన బండ్ల చరిత్ర అది. దాన్ని ఎవరూ శాసనాల్లో చెక్కించలేదు. దానికున్న ఆధారాలు ఉక్కు పళ్ళ మీద, వాటిని విప్పి బిగించిన మేస్త్రీల జ్ఞాపకంలో ఉన్నాయి. మన సంఘం స్వర్ణోత్సవాల పుణ్యమా అని నాకు ఆ పళ్ళు లెక్కపెట్టే అవకాశం వచ్చింది.

మన బడి వెనక వేపచెట్టు కింద నిలబడి ఉన్న పికప్ అందరికీ తెలిసిందే. మహీంద్రా ఎఫ్‌సీ-150. ముందు మూతి ఉండదు, డ్రైవరు ఇంజిన్ మీదే కూర్చున్నట్టు ఉంటుంది. చిన్నప్పుడు మనం దాన్ని 'మూతిలేని జీపు' అనేవాళ్ళం. నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్ నడిపిన ఒక పెద్దాయన బండి అది. మన కొత్త గదుల నేలకు పరిచిన బండలన్నీ అందులోనే వచ్చాయి. ఆయన పోయాక కుటుంబం వాళ్ళు బడికి ఇచ్చేశారు. ఏళ్ళ తరబడి కదల్లేదు. పోయిన ఏడాది పాత ఇనుము వ్యాపారి కిలోల లెక్కన బేరం పెట్టినప్పుడు, అమ్మేద్దామా, నడిపిద్దామా అని సంఘంలో చర్చ జరిగింది. స్వర్ణోత్సవానికి నడిస్తే ఉంచుదాం, నడవకపోతే అమ్మేద్దాం అని తీర్మానించారు. ఇంజనీరును కదా అని పని నాకు అప్పగించారు.

ఇంజిన్ పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. కార్బురేటరు కడిగి, ఇగ్నిషన్ పాయింట్లు మార్చి, ట్యాంకులో తుప్పు తీసేసరికి స్టార్టయింది. కానీ గేరు వేస్తే ప్రొపెల్లర్ షాఫ్టు తిరుగుతోంది, చక్రాలు కదలడం లేదు. వెనక ఇరుసు గుండు నుంచి టకటకమని చప్పుడు. మూతకున్న 10 బోల్టులూ ఇప్పి చూస్తే విషయం తెలిసింది. పినియన్‌కు 8 పళ్ళుండాలి, అందులో రెండు మొదలంటా విరిగిపోయాయి. క్రౌన్ వీల్ పళ్ళ అంచులు పెచ్చులూడాయి.

కసాగు గుర్తుందా?

ఇంజనీరింగ్ చదవని మిత్రుల కోసం రెండు మాటలు. ఇంజిన్ నుంచి వచ్చే షాఫ్టు బండి పొడవునా వస్తుంది. చక్రాల ఇరుసు బండికి అడ్డంగా ఉంటుంది. పొడవునా వచ్చిన తిప్పుడును అడ్డంగా మళ్ళించి, వేగం తగ్గించి బలం పెంచేది ఈ జత: షాఫ్టు చివరి చిన్న గేరు పినియన్, దానితో కలిసి తిరిగే పెద్ద పళ్ళచక్రం క్రౌన్. మా పికప్‌లో క్రౌన్‌కు 43 పళ్ళు, పినియన్‌కు 8. 43ను 8తో భాగిస్తే 5.375. షాఫ్టు దాదాపు అయిదుంపావు చుట్లకు పైగా తిరిగితేగాని చక్రం ఒక్క చుట్టు తిరగదు. టాప్ గేర్లో ఇంజిన్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే బండి గంటకు సుమారు 50 కిలోమీటర్లు మాత్రమే పోతుంది.

40 పళ్ళు, 8 పళ్ళు పెట్టి సరిగ్గా 5 చేసుకోవచ్చు కదా అని అడగొచ్చు. దానికి జవాబు ఏడో తరగతి లెక్కల్లో ఉంది. 40, 8ల కసాగు 40. అంటే క్రౌన్ ఒక్క చుట్టు పూర్తి చేయగానే అవే పళ్ళు అవే పళ్ళను మళ్ళీ కలుస్తాయి. ఒక పన్నులో లోపముంటే ఎప్పుడూ ఆ అయిదు పళ్ళనే కొరుకుతుంది. 43, 8ల కసాగు 344. పినియన్‌లోని ప్రతి పన్నూ క్రౌన్‌లోని 43 పళ్ళనూ పలకరించి వస్తేగాని మొదటి దాని దగ్గరికి తిరిగి రాదు. అరుగుదల అందరికీ సమానంగా పంచుతుంది. కసాగు ఎందుకు నేర్పుతున్నారని విసుక్కున్న మనకు ఇదీ ఒక జవాబు.

రోచెస్టర్ నుంచి బొంబాయి దాకా

ఇలా వంపు తిరిగిన పళ్ళు కోయడం మామూలు మిషన్ల వల్ల కాదు. అమెరికాలోని రోచెస్టర్‌లో విలియం గ్లీసన్ 1865లో పెట్టిన కార్ఖానా ఈ విద్యకు పుట్టిల్లు. 1874లో ఆయన బెవెల్ గేర్లు కోసే మిషన్ తయారుచేశాడు. ఆయన కూతురు కేట్ గ్లీసన్ ఆ మిషన్లను దేశదేశాలకు అమ్మి పేరు తెచ్చింది. 1914లో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం పూర్తి సభ్యత్వం ఇచ్చిన మొదటి మహిళ ఆమె. 1920లలో అదే కంపెనీ హైపాయిడ్ గేరు తెచ్చింది. ఇందులో పినియన్ క్రౌన్ మధ్యకు సూటిగా కాకుండా కొంచెం కిందికి జరిగి ఉంటుంది. పన్ను పన్నుతో ఎక్కువ మేర ఆనుకుంటుంది కాబట్టి ఎక్కువ బరువు లాగుతుంది. 1926లో ప్యాకార్డ్ కార్లలో మొదట వాడారు. మన పికప్‌లో ఉన్నదీ ఈ రకమే.

జీపు కథ 1940లో మొదలైంది. యుద్ధానికి చిన్న బండి కావాలని అమెరికా సైన్యం అడిగింది. నమూనాకు ఇచ్చిన గడువు 49 రోజులు. బాంటమ్ అనే చిన్న కంపెనీ తరఫున కార్ల్ ప్రాబ్స్ట్ నమూనా గీశాడు. అంత తక్కువ వ్యవధిలో కొత్త ఇరుసు తయారుచేయడం కుదరదు. స్పైసర్ కంపెనీ స్టూడిబేకర్ ఛాంపియన్ కారు ఇరుసునే మార్చి ఇచ్చింది. 1940 సెప్టెంబరు 23న మొదటి బండి సైన్యానికి చేరింది. తర్వాత విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిపి 6 లక్షలకు పైగా జీపులు చేశాయి. సైన్యపు జీపులో వెనక గేర్లు 39/8, అంటే 4.875. యుద్ధం ముగిశాక రైతుల కోసం విల్లీస్ చేసిన సీజే జీపుల్లో దాన్ని 43/8 చేశారు. నాగలి లాగాలి, బరువు మోయాలి, వేగం అక్కర్లేదు. నాలుగు పళ్ళ తేడాలో యుద్ధం పోయి సేద్యం వచ్చింది.

మన దేశంలో 1945లో లూధియానాలో మహీంద్రా అండ్ మహమ్మద్ కంపెనీ పుట్టింది. భాగస్వామి గులాం మహమ్మద్ దేశ విభజన తర్వాత పాకిస్తాన్‌కు తొలి ఆర్థిక మంత్రిగా వెళ్ళాడు. 1948లో కంపెనీ మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. 1940ల చివర విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెచ్చి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. క్రమంగా భాగాలు ఇక్కడే తయారయ్యాయి. మూతిలేని ఎఫ్‌సీ-150ని 1965లో మహీంద్రా మొదలుపెట్టింది. అమెరికాలో ఆ మోడల్ ఆగిపోయింది కూడా ఆ రోజుల్లోనే.

సీమకు ఎందుకు నచ్చింది?

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. ఆఫీసులు డేరాల్లో నడిచాయని మన పెద్దలు చెప్పేవాళ్ళు. అంతకు ఏడాది ముందే, 1952 అక్టోబరు 2న, సమాజాభివృద్ధి పథకం మొదలైంది. దానితో బ్లాక్ జీపు వచ్చింది. పల్లెల్లో 'జీపొచ్చింది' అంటే ఆఫీసరొచ్చాడని అర్థం. మలేరియా మందు చల్లేవాళ్ళు, టీకాలు వేసేవాళ్ళు, ఎన్నికల పెట్టెలు తెచ్చేవాళ్ళు అందులోనే వచ్చారు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం ప్రాజెక్టుకు నల్లమల ఘాట్లలో ఇవే తిరిగాయి.

తర్వాత నాపరాయి వ్యాపారం దాన్ని తీసుకుంది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల భూమి కింద పుస్తకంలో పేజీల్లా పొరలు పొరలుగా ఉండే సున్నపురాయి ఇది. మన కడప జిల్లాలోని నార్జి ఊరి పేరుతోనే భూగర్భ శాస్త్రజ్ఞులు దీన్ని నార్జి సున్నపురాయి అంటారు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళంన్నర మందం ఉన్న ఒక్క బండ దాదాపు 75 కిలోలు తూగుతుంది. పది బండలెక్కితే ముప్పావు టన్ను. గని లోపలి నుంచి పైకి వచ్చే దారి రాళ్ళ గుట్ట. అక్కడ లారీ దిగదు, ఎద్దులు ఎక్కలేవు. ఆనాటి సీజే జీపు ఫోర్‌వీల్ వేసి, లో రేంజిలో, ఫస్ట్ గేర్లో పోతే ఇంజిన్ సుమారు 37 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. మనిషి నడకకన్నా నెమ్మది, కానీ ఎక్కేస్తుంది. ఆ ఎక్కడంలో చివరి మెట్టు ఈ 43/8 జతే. బండికి శక్తికి మించి బండలెక్కించి, క్లచ్ టక్కున వదిలితే ముందుగా విరిగేదీ దాని పళ్ళే.

అంగళ్ళన్నీ తిరిగితే

'జీపు క్రౌన్ పినియన్' అని అడిగితే దుకాణాల్లో పెట్టెలు చాలానే తీశారు. కడపలో, కర్నూలులో, ప్రొద్దుటూరులో చూశాం. బెంగళూరు జేసీ రోడ్డుకు, చెన్నై పుదుపేటకు, విజయవాడ ఆటోనగర్‌కు మన మిత్రులు వెళ్ళినప్పుడల్లా ఫోటోలు పంపారు. దొరికినవాటిలో ఎక్కువ భాగం 39/8, లేదా అంతకన్నా వేగం రేషియోలు. కారణం ఉంది. 1973 చమురు సంక్షోభం తర్వాత పెట్రోలు భారమైంది. జీపుల్లోకి డీజిల్ ఇంజిన్లు వచ్చాయి. డీజిల్ ఇంజిన్ తక్కువ చుట్లతోనే బలం ఇస్తుంది, దానికి చిన్న రేషియో చాలు. పాత 43/8 జతలకు గిరాకీ తగ్గింది.

39/8 పెట్టి సరిపెట్టుకోవచ్చు కదా అని చాలామంది అన్నారు. ఇరుసు గుండులో అది పట్టేస్తుంది కూడా. కానీ మన బండి ముందు ఇరుసులో 43/8 ఉంది. ఫోర్‌వీల్ వేసినప్పుడు ముందు, వెనక షాఫ్టులు రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. ముందు చక్రం 10 చుట్లు తిరిగేలోపు వెనక చక్రం 11 తిరగాలని చూస్తుంది. ఇసుకలో జారుకుంటే సర్దుకుంటుంది. గట్టి నేల మీద రెండు ఇరుసులూ ఒకదానితో ఒకటి కొట్లాడి, మళ్ళీ ఏదో ఒకటి విరుగుతుంది. ఒక చోట 43 పళ్ళ క్రౌన్ దొరికింది, వేరే చోట 8 పళ్ళ పినియన్ దొరికింది. అవీ పనికిరావు. ఈ గేర్లను ఫ్యాక్టరీలో జతగా కలిపి, ఒకదానితో ఒకటి రుద్దించి, రెండింటి మీదా ఒకే నంబరు చెక్కుతారు. జత విడిపోతే రెండూ ఇనుమే.

అమెరికా నుంచి కొత్త జత తెప్పించవచ్చు. ధర, రవాణా, సుంకం లెక్కవేస్తే సంఘం ఉపకార వేతనాల నిధి ముట్టుకోవాల్సి వస్తుంది. పేదపిల్లల ఫీజు డబ్బుతో పాత బండికి గేర్లు కొనడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఒక్క జత కోసం కొత్తగా కోయించడం అంతకన్నా ఖర్చు.

దారి చూపింది కర్నూలు పాతబస్తీలో నలభై ఏళ్ళకు పైగా జీపులు విప్పి బిగించిన ఒక మేస్త్రీ సాబ్. విరిగిన పినియన్ చేతిలో తిప్పి చూసి, "ఇది అంగడిలో దొరకదు సార్. డీజిలు బండ్లొచ్చినప్పుడు పెట్రోలు జీపులన్నీ కోసేసినారు. ఇంజిను తుక్కుకు పోయింది. ఇరుసు మాత్రం ఎవరూ తుక్కుకు ఇయ్యలే, ట్రాలీలకు కట్టుకున్నారు. గనులకాడ నీళ్ళ ట్యాంకర్లు చూడండి. పైన చూడొద్దు, కింద చూడండి" అన్నాడు.

ఆ మాట మన వాట్సాప్ గ్రూపులో పెట్టాను. రెండు వారాలు కొలిమిగుండ్ల, అవుకు, బనగానపల్లె, ఎర్రగుంట్ల దారుల్లో మన పాత విద్యార్థులు కనిపించిన ప్రతి ట్యాంకరు కిందికి వంగి చూశారు. టీచర్లు, ఒక బ్యాంకు మేనేజరు, ఇద్దరు రైతులు. ఫోటోలు వచ్చాయి: లారీ ఇరుసులు, అంబాసిడర్ ఇరుసులు, అచ్చం జీపువి మూడు. ఆ మూడింటిలో రెండింటి లోపల గేర్లు తీసేశారు. మూడోది అవుకు దగ్గర ఒక రైతు నీళ్ళ ట్రాలీ కింద ఉంది.

విప్పకుండానే రేషియో తెలుసుకోవడం తేలిక. జాకీ పెట్టి చక్రాలు రెండూ లేపాలి. రెండు చక్రాలకూ, పినియన్ ఫ్లాంజికీ సుద్దముక్కతో గీత పెట్టాలి. ఇద్దరు చెరో చక్రాన్ని కలిపి సరిగ్గా ఒక చుట్టు తిప్పాలి. ఫ్లాంజి ఎన్ని చుట్లు తిరిగిందో మూడో మనిషి లెక్కపెట్టాలి. అయిదుకు కాస్త తక్కువైతే 39/8. అయిదు దాటి, ఇంకో మూడో వంతుకు కొంచెం ఎక్కువైతే 43/8. సుద్దగీత అయిదు సార్లు పైకి వచ్చి, ఆరో చుట్టులో ముందుకు పోయి ఆగింది.

ఆ రైతుకు ఒకే షరతు. "మా నాయన కాలం నుంచి నీళ్ళు మోస్తాండాది. ఎండాకాలం సార్. ట్రాలీ నిలబడితే మామిడి మొక్కలు నిలబడవు. పొద్దున ఇప్పితే సాయంత్రానికి నీళ్ళు పోవల్ల" అన్నాడు. కొత్త ట్రాలీ ఇరుసు, బేరింగులు, రెండు టైర్లు ముందే తెచ్చుకుని, పొద్దున ఏడింటికి మొదలుపెట్టి మూడింటికల్లా బిగించేశాం. ఆ సాయంత్రం నీళ్ళు పోయాయి. ఖర్చంతా మన బ్యాచ్ వాళ్ళం పంచుకున్నాం, సంఘం నిధి ముట్టలేదు.

మూత తీస్తే లోపల ఆయిల్ నల్లగా ఉంది, కానీ ఉంది. ఆ రైతు తండ్రి ఏటా పోయించేవాడట. క్రౌన్ మీదా పినియన్ మీదా ఒకే నంబరు. పళ్ళ మీద అరుగుదల దాదాపు లేదు. ట్రాలీ కింద ఇన్నేళ్ళూ అవి ఊరికే తిరిగాయి. చక్రాలు తిప్పితే తిరగడమే తప్ప, ఇంజిన్ బలం వాటి మీద పడలేదు.

సిందూరం బొట్టు

గేర్లు దొరకడం సగం పని. అమర్చడం మిగతా సగం. ఇక్కడే మేస్త్రీ సాబ్ విద్య చూశాను. పినియన్ ఎంత లోపలికి ఉండాలో, క్రౌన్ ఎంత పక్కకు జరగాలో షిమ్ములు నిర్ణయిస్తాయి. షిమ్ము అంటే కాగితంలాంటి ఉక్కు రేకు, అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. రెండు గేర్ల మధ్య వదులు 6 థౌ దగ్గర, అంటే సుమారు 0.15 మిల్లీమీటర్లు పెట్టాడు. అది డయల్ గేజితో నేనూ కొలవగలను. పళ్ళు ఎక్కడ ఆనుకుంటున్నాయో చూడడం మాత్రం కంటికి అందిన విద్య. ఆయన సిందూరం నూనెలో కలిపి క్రౌన్ పళ్ళకు పూసి తిప్పాడు. సిందూరం చెరిగిన చోట పన్ను ఆనుకున్నట్టు. మొదటిసారి ఆ గుర్తు పన్ను అంచుకు పోయింది. విప్పి ఒక షిమ్ము మార్చాడు. నాలుగోసారికి గుర్తు పన్ను నడిమధ్య నిలిచింది. "నుదుట బొట్టు పెట్టినట్టు రావల్ల సార్, పక్కకు పోతే పన్ను పోతాది" అన్నాడు. మా ఫ్యాక్టరీ మాన్యువల్‌లో నాలుగు బొమ్మలు గీసి చెప్పిన విషయం ఆయన ఒక్క వాక్యంలో చెప్పాడు.

బండి ఇప్పుడు నడుస్తోంది. పది బండలు ఎక్కించి గని దారిలో ఒకసారి, ఖాళీగా నంద్యాల దాకా ఒకసారి పోయొచ్చాం. ఇరుసులో చప్పుడు లేదు. పాత ఇనుము బేరం రద్దయింది.

కానీ నన్ను వెంటాడుతున్న విషయం వేరే. మేస్త్రీ సాబ్ దగ్గర ఇప్పుడు శిష్యులు లేరు. కొత్త బండ్లకు ఇరుసు పాడైతే మొత్తం అసెంబ్లీ మార్చేస్తున్నారు, సిందూరం పూసే పని ఎవరికీ పడడం లేదు. ఏ ఊళ్ళో ఏ జీపు ఇరుసు ఏ ట్రాలీ కిందికి పోయిందో ఆయన తలకాయలో ఉంది, ఏ కాగితం మీదా లేదు. ఈసారి అడగడానికి ఆయన ఉన్నాడు కాబట్టి బండి బతికింది.

అందుకని సంఘానికి రెండు వినతులు. ఒకటి, మన జిల్లాల్లో పాత మేస్త్రీలు ఇంకా కొందరున్నారు. వాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళు బాగుచేసిన బండ్లు, వాడిన పనిముట్లు, పద్ధతులు రాసుకుని బడి గ్రంథాలయంలో పెట్టాలి. పదో తరగతి పిల్లలకు ఇది మంచి ప్రాజెక్టు. రెండు, మిత్రుల ఇళ్ళల్లో మూలపడిన పాత జీపు పార్టు పుస్తకాలు, రిపేరు మాన్యువళ్ళు, పర్మిట్ కాగితాలు ఉంటే తుక్కుకు వేయకుండా బడికి ఇవ్వాలి. అవుకు రైతు ఇరుసు తాలూకు పళ్ళ లెక్క, నంబర్లు, సుద్దగీత పరీక్ష చేసే విధానం ఒక నోటుపుస్తకంలో రాసి ఇప్పటికే గ్రంథాలయంలో ఇచ్చాను. మొదటి రెండు పేజీలే నిండాయి. మిగతా పేజీలు ఖాళీగా ఉన్నాయి.